నాలుగు జతలూ నావి కావు

ఆదివారం భోజనానికి పిలిచి, సొంత కూతురింట్లోనే ఆయన బూట్లు కొట్టేశారు. ఇందులో అనుమానం లేదు, వాదన లేదు. మాస్టారు తేల్చేశాడు.

మాస్టారంటే బడిపంతులు కాదు. నలభై ఏళ్ళుగా బూట్లు కుడుతున్న మనిషి. ఒంటిగది కొట్టు, గోడనిండా చెక్క అచ్చులు, చేతిలో తోలుకి కన్నాలు పొడిచే ఆరె, నోటినిండా మౌనం. భార్య పోయి మూడేళ్ళయింది. అప్పట్నుంచి ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు. వారానికి ఒక్క పూట కూతురింటికొచ్చి తింటాడు. తిని, ఫలానాది బాగోలేదని చెప్పి వెళ్తాడు. ఆ ఒక్క పూట కోసం కూతురు వారమంతా ఎదురుచూస్తుందని ఆయనకి తెలుసు. తెలిసినట్టు కనపడడు.

ఆరోజు భోజనమయ్యాక సాయంత్రం నాలుగింటికి వెళ్దామని లేచాడు. గుమ్మం పక్కన నాలుగు జతల నల్లబూట్లున్నాయి. ఆయనవి, అల్లుడివి, బావమరిదివి, చిన్ననాటి స్నేహితుడైన సెలూన్ ఆయనవి. నలుగురి పాదమూ ఒకటే సైజు కావడంతో నాలుగు జతలూ ఒకే అచ్చు మీద లేచాయి. పైకుట్టు మాస్టారిది, లోపలి పనంతా ఆయన భార్యది. ఆవిడ చెయ్యి పడ్డ చివరి జతలు అవే.

చివరనున్న జతలో కాళ్ళు పెట్టాడు. ఆగిపోయాడు.

"ఇవి నావి కావు."

"నీవే నాన్నా," అంది కూతురు. "పొద్దున వానలో తడిసొస్తే నేనే ఆరబెట్టి ఇక్కడ పెట్టాను."

"కళ్ళు పొరబడతాయి. కాలు పొరబడదు."

మిగతా మూడు జతలూ తొడిగి చూశాడు. ఒక్కొక్కటీ విప్పి పక్కన పెట్టాడు.

"నాలుగు జతలూ నావి కావు."

"ఉన్నదే నలుగురు మగాళ్ళు, ఉన్నవే నాలుగు జతలు. ఇంకా నీవెక్కడికి పోతాయి నాన్నా?"

"అది మీరు చెప్పాలి." మాస్టారు వట్టి కాళ్ళతో కుర్చీలో కూర్చున్నాడు. "నా జోడు దొరికేదాకా ఇక్కణ్ణుంచి కదలను. దొరక్కపోతే, కదిలాక మళ్ళీ ఈ గడప తొక్కను."

కూతురి మొహంలో నెత్తురు చుక్క లేదు. నాన్న మాటంటే ఏమిటో ఆమెకి తెలుసు. ఒక సుత్తి కనపడలేదని సొంత తమ్ముడి ఇంటికి పదకొండేళ్ళుగా వెళ్ళని మనిషి. సుత్తి రెండో రోజే దొరికింది.

"ఎవరూ కదలొద్దు!"

ఆ కేక పడక్కుర్చీలోంచి వచ్చింది. అందులో ఇంతసేపూ గుర్రుపెడుతున్న బావమరిది లేచి నిలబడ్డాడు. ఒక చెంప మీద కుర్చీ అల్లిక మొత్తం దిగి ఉంది.

"నేరం జరిగిన కప్పు కిందే అపరాధ పరిశోధక చక్రవర్తి కునుకు తీస్తున్నాడని పాపం ఆ దొంగకి తెలీదు! తెలిసుంటే వేరే వృత్తి చూసుకునేవాడు. ఈ మేధస్సు ముందు ఎన్ని చీకటి సామ్రాజ్యాలు కూలిపోయాయో!"

"ఎన్ని కూలాయిరా?" అన్నాడు సెలూన్ ఆయన.

"లెక్క చెప్పడం నాకిష్టం ఉండదు."

ఈ చక్రవర్తి ముప్పై ఏళ్ళు తపాలా ఆఫీసులో కవర్ల మీద ముద్రలు కొట్టి రిటైరయ్యాడు. వస్తూ వస్తూ ఒక పాత భూతద్దం తెచ్చుకున్నాడు. అందులోంచి లోకం పెద్దగా కనపడింది, తనేమో మరీ పెద్దగా కనపడ్డాడు. ఇంట్లో అందరూ ఆయన్ని భూతద్దం అనే పిలుస్తారు. ఇంతవరకూ చేపట్టిన కేసులు రెండు. పక్కింటావిడ పిల్లి తప్పిపోతే మూడు రోజుల్లో పట్టుకొచ్చాడు, కాకపోతే అది వేరే పిల్లి. తరవాత కరెంటు మీటరు చూసే మనిషిని గూఢచారి అని వారం రోజులు వెంటాడాడు. చివరికి ఆ మనిషే జాలిపడి ఈయన్ని ఇంటిదగ్గర దింపిపోయాడు.

"కూర్చోరా," అన్నాడు మాస్టారు.

"బావా, నువ్వు బాధితుడివి. బాధితులు అడిగినప్పుడే మాట్లాడాలి."

మాస్టారు నోరు మూసుకున్నాడు. ఒప్పుకుని కాదు. ఈ బావమరిదితో మాట్లాడితే మాట ఖర్చే గానీ రాబడి ఉండదని ముప్పై ఏడేళ్ళ కిందటే తేల్చుకున్నాడు.

భూతద్దం నాలుగు జతలూ చంకల్లో ఇరికించుకుని ముందుగది మధ్యకి తెచ్చి కుప్ప పోశాడు. ఒక్కొక్క బూటూ ఎత్తి అద్దంలోంచి చూశాడు. వాసన చూశాడు. ఒకదాని దగ్గర రెండడుగులు వెనక్కి గెంతాడు.

"విషప్రయోగం!"

"నాదిరా అది," అన్నాడు సెలూన్ ఆయన. "ఈ వారం మేజోళ్ళు ఉతకలేదు."

"ముద్దాయి నేరం ఒప్పుకుంటున్నాడు. రాసుకోండెవరైనా."

ఎవరూ రాసుకోలేదు. భూతద్దం జేబులోంచి సుద్దముక్క తీసి బూట్ల అడుగున అంకెలు వేయడం మొదలుపెట్టాడు. ఏ బూటు చేతికొస్తే దానికి వేశాడు. ఒకటి నుంచి ఎనిమిది దాకా వేసి, చేతులు దులుపుకుని లేచాడు.

"సాక్ష్యాలన్నిటికీ అంకెలు పడ్డాయి. ఇక నేరస్థుడు తప్పించుకోలేడు."

"ఒకటి ఎవరిది?" అంది కూతురు.

"మీ ఆయనది."

"దాని జత ఏది?"

"రెండు. కాదు, ఐదు. ఆగమ్మా, రెండు నాది." ఐదో నంబరు తీసి కాలికి పెట్టుకున్నాడు. సరిపోయింది. రెండు పెట్టుకున్నాడు. అదీ సరిపోయింది. ఒకే అచ్చు మీద లేచినవాటికి సరిపోక ఏం చేస్తుంది?

సిటీబస్సు తోలే అల్లుడు ఆ కుప్ప వంక చూశాడు. రేపు పొద్దుటి డ్యూటీకి వాటిల్లో ఏవి వేసుకెళ్ళాలో ఆయనకి పాలుపోలేదు.

"ఇందాకటిదాకా మావయ్యగారి జోడు ఒక్కటే పోయింది," అన్నాడు. "ఇప్పుడు నలుగురివీ పోయాయి."

"ఎదురు మాట్లాడుతున్నావ్. నీమీదే నా మొదటి అనుమానం. భోజనానికి ముందు ఏం చేస్తున్నావ్?"

"బల్ల సర్దాను, నీళ్ళు పెట్టాను."

"ఎన్ని గ్లాసులు?"

"ఆరు."

భూతద్దం కళ్ళు మెరిశాయి. "ఇంట్లో ఉన్నది ఐదుగురం! ఆ ఆరో వాడెవడు?"

"మీరు రెండు తాగారు చిన్నమావయ్యా."

భూతద్దం గొంతు సవరించుకుని మాస్టారి వైపు తిరిగాడు. "బావా, బాగా గుర్తు చేసుకుని చెప్పు. నీవి కావని ముందు ఏ కాలు చెప్పింది?"

"ఎడమది."

"కుడికాలు ఏమంది?"

"దానికి పట్టింపు లేదు. అన్నిట్లోనూ పట్టింది. ఎడమది ఒక్కదాంట్లోనూ పట్టలేదు. వదులు."

"ఒరేయ్, కొంపదీసి నీ ఎడమకాలు చిన్నదేమోరా," అన్నాడు సెలూన్ ఆయన, మీసం చాటున నవ్వుతూ.

మాస్టారు ఆయన వైపు చూసిన చూపుకి మీసం చాటున నవ్వు మీసంలోనే ఇంకిపోయింది.

"నా రెండు కాళ్ళూ సమానం. ఆ అచ్చు నా కుడికాలు కొలిచి చెక్కాను. ఎడమది దాన్ని చూసి తిప్పి చెక్కాను."

"ఎడమకాలు కొలవలేదా?"

"ఒకటి కొలిస్తే రెండోది తెలీదా? దేవుడు రెండు అచ్చులు పెట్టుకుంటాడా?"

ఆ మాట ఆయన కొట్లోకి వచ్చిన ప్రతివాడికీ చెబుతాడు. ఎదురు చెప్పినవాడికి బూట్లు కుట్టడు.

భూతద్దం గదిలో అటూ ఇటూ పచార్లు చేశాడు. మూడోసారి కుప్ప మీద కాలు పడి తూలాడు. అలా తూలుతుండగానే ఆయనకి సత్యం స్ఫురించింది.

"నకిలీ! అవును, నకిలీ! సముద్రాల అవతల ఏదో ముఠా బావ చేతిపని రహస్యం కోసం పొంచి ఉంది. అసలు జోడు ఎత్తుకెళ్ళి, అచ్చుగుద్దినట్టు ఇంకో జోడు చేసి ఇక్కడ పెట్టింది!"

"నా బూట్లకి నకిలీ కుట్టగలిగేవాడు ఉంటే," అన్నాడు మాస్టారు, "వాణ్ణి పట్టుకురా. కొట్లో పనికి పెట్టుకుంటా."

"మావయ్యా, ఇక చాల్లే!" అంది కూతురు. "నీకిది ఆట. నాన్న మళ్ళీ రానంటున్నాడు. అన్నాడంటే రాడు. అమ్మ పోయాక ఈ ఒక్క పూటేగా నాకు మిగిలింది."

మాస్టారు తన వట్టి పాదాల వైపు చూసుకున్నాడు. అన్న మాట అన్నాడు. వెనక్కి తీసుకోవడం ఆయనకి చేతకాదు. ఆ పని ఎప్పుడూ నేర్చుకోలేదు.

భూతద్దం మేనకోడలి తలమీద చెయ్యి వేశాడు. "పిచ్చిదానా, వస్తాడు. నేనున్నానుగా. ఇప్పుడు చూడు, దొంగ ఎక్కడ నక్కి ఉన్నాడో కళ్ళకి కట్టినట్టు చూపిస్తా."

అని మోకాళ్ళ మీద వంగి, భోజనాల బల్ల కిందకి దూరాడు. బల్ల మీద టీ కెటిల్ ఉంది, అందరూ తాగాక మిగిలిన టీ అందులో చల్లారిపోయి ఉంది.

"దొంగ ఇక్కడే పొంచి ఉన్నాడు!" బల్ల కిందినుంచి గొంతు వచ్చింది. "ఇక్కణ్ణుంచి అందరి కాళ్ళూ కనపడతాయి. ఇవిగో వేలిముద్రలు! జిడ్డుగా ఉన్నాయి!"

"అవి మీవే చిన్నమావయ్యా. ఇందాక చెంచా పడితే మీరే కదా దూరింది."

"అలాగా," అంటూ భూతద్దం తల ఎత్తాడు.

తల బల్లకి తగిలింది. బల్ల జానెడెత్తు లేచి దబ్బున పడింది. పడ్డాక కుదురుగా నిలబడలేదు, ఒక మూలకి ఒరిగింది. కెటిల్ ఆ వాలులో జారుకుంటూ వచ్చి అంచు దాటింది. సరిగ్గా అప్పుడే బయటికొచ్చిన భూతద్దం నడినెత్తిన టీ అంతా కుమ్మరించింది.

"హత్యాప్రయత్నం!"

"చల్లారిన టీయే మావయ్యా," అంది కూతురు. ఏడవాలో నవ్వాలో తెలీక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బల్ల కాలికింద ఏదో ఉంది, మోకాలికి గుచ్చుకుంది." భూతద్దం చేతిలో ఉన్నదాన్ని అద్దంలోంచి చూశాడు. అద్దం నిండా టీ. "ఛీ, ఏదో చెత్త. కేసుకి పనికిరాదు." భుజం మీదుగా వెనక్కి విసిరేశాడు.

అది వచ్చి మాస్టారి పాదాల దగ్గర పడింది.

కాలితో తోసెయ్యబోయాడు. తోయలేదు. వంగి తీసుకున్నాడు.

బొటనవేలంత పొడవు తోలుముక్క. ఒకవైపు పలచన, ఒకవైపు మందం. మడమ ఆనేంత వంపు. అంచు చుట్టూ మైనం పట్టించిన దారంతో సన్నని కుట్టు, బియ్యపుగింజలంత పోగులు, అన్నీ ఎడమకి వాలి ఉన్నాయి. ఒక పక్క దారం నీళ్ళకి ఉబ్బి తెగిపోయింది. అలా వాలుగా కుట్టే చెయ్యి ఆయనకి తెలిసి ఒక్కటే. ఆవిడది ఎడమచేతి వాటం.

"ఇది బల్ల కిందకి ఎలా వచ్చింది?" అన్నాడు మాస్టారు, ముక్క మీంచి చూపు తిప్పకుండా.

"నేనే పెట్టా మావయ్యా," అన్నాడు అల్లుడు. "పొద్దున కిటికీ కింద దొరికింది. మీ సంచిలోంచి పడ్డ ముక్కేమో అనుకున్నా. బల్ల ఊగుతోంటే కాలికింద తోశా."

"కిటికీ కిందా?" కూతురు కళ్ళు పెద్దవి చేసింది. "అక్కడే కదా నాన్న బూట్లు బోర్లించాను!"

మాస్టారు కుప్ప దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఎడమబూట్లు నాలుగూ ఏరాడు. ఒక్కొక్కదాని లోపలా ముక్క పెట్టి చూశాడు. ఆరో నంబరులో అది తన చోటు తను వెతుక్కున్నట్టు వెళ్ళి కూర్చుంది. లోపలి అట్ట మీద తెగిన దారం కొసలు ఇంకా ఉన్నాయి. కాలు పెట్టాడు. పట్టింది. దగ్గరున్న కుడిబూటు ఒకటి తొడుక్కున్నాడు. కుడికాలికి ఎలాగూ పట్టింపు లేదు.

భూతద్దం తల తుడుచుకుంటూ తొంగి చూశాడు.

"ఓహో, ఇదా! ఇది అక్క పెట్టేదిగా. ప్రతి జోడుకీ, ఎడమదాంట్లో. 'మీ బావ ఎడమకాలు కాస్త చిన్నదిరా, చెబితే ఒప్పుకోడు, నేనే లోపల సర్దేస్తున్నా, ఎవరికీ చెప్పకు' అని పెళ్ళైన కొత్తలోనే నాతో ఒట్టేయించుకుంది."

అందరి కళ్ళూ మాస్టారి ఎడమకాలి మీదికి వెళ్ళాయి.

"మరి ఇందాకట్నుంచి చెప్పొచ్చుగా మావయ్యా!"

"కేసుకి సంబంధం లేని విషయం కదమ్మా."

ముందు సెలూన్ ఆయన పేలిపోయాడు. తరవాత అల్లుడు గోడకి తిరిగి భుజాలు ఎగరేయడం మొదలుపెట్టాడు. కూతురైతే కొంగు వదిలేసి నేలమీద కూలబడి నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

మాస్టారు నవ్వలేదు. ఆవిడతో గడిచిన ముప్పై నాలుగేళ్ళూ లెక్కేసుకుంటున్నాడు. ఏడాదికో జోడు. దేవుడికి ఒకటే అచ్చని తను కొట్లో ఉపన్యాసం ఇచ్చినప్పుడల్లా వెనక పీట మీద ఆవిడ దారం పంటితో బిగబట్టుకుని తలొంచుకుని ఉండేది. పంటి కింద ఉన్నది దారమే అనుకున్నాడు.

లేచి గుమ్మం దాకా నడిచాడు. వెనక్కి వచ్చాడు. మళ్ళీ నడిచాడు. కాలు ఏమీ అనలేదు.

"నాన్నా," అంది కూతురు మెల్లిగా, "వచ్చే ఆదివారం..."

"ఆ బల్లకి వేరే ముక్క కోసుకొస్తా. ఎంత మందం కావాలో కొలిచి ఉంచు. నాలుగు కాళ్ళూ కొలువు."

"ఎంతైనా కేసు ఛేదించినట్టేగా బావా!" భూతద్దం ఛాతీ విరుచుకున్నాడు. "అసలు దొంగ ఎవరంటే..."

"ఎడమకాలు!" అన్నాడు సెలూన్ ఆయన.

మాస్టారు మెట్లు దిగాడు. ఆఖరి మెట్టు మీద ఆగి, వెనక్కి తిరక్కుండానే చెప్పాడు.

"నా రెండు కాళ్ళూ సమానం. ఈ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తొద్దు. నేను ఎత్తను."