యూనిఫాం ఆరేసిన ఆదివారం

ఆదివారం పొద్దున్నే నర్సమ్మ వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. ఏడింటికి యూనిఫాం ఉతకాలి, ఎనిమిదింటికి ఆరేయాలి, పదకొండుకు తీయాలి, పన్నెండుకల్లా ఇస్త్రీ చేసి హ్యాంగరుకు తగిలించాలి. ఆ తర్వాత భోంచేసి, సాయంత్రం దాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోవాలి.

మర్నాడు ఆమె నర్సుగా పనిచేసే ఆసుపత్రిలో వార్డు ఇన్‌ఛార్జి పోస్టుకు ఎంపిక ఉంది. ఎంపిక చేసే మేట్రన్ ప్రశ్నలేమీ అడగదు, బట్టలు చూస్తుంది. కిందటిసారి ఒకామెను కాలరు మీద ఆవగింజంత టీ మరక ఉందని వెనక్కి పంపేసింది. నర్సమ్మకున్న మూడు యూనిఫాంలలో రెండిటిని అయోడిన్ మరకలు ఎప్పుడో మింగేశాయి. మచ్చ లేనిది ఇదొక్కటే. ఇన్‌ఛార్జి అయితే రాత్రి డ్యూటీలు తప్పుతాయి. ఉద్యోగంలో చేరి, పెళ్ళయిన ఈ తొమ్మిదేళ్ళలో ఆమె వరుసగా పది రాత్రులు సొంత మంచం మీద పడుకున్నది లేదు. ఆ పోస్టు మీద ఆమెకు ఎంత ఆశ ఉందో ఆ మంచానికే తెలియాలి.

డాబా మీద ట్యాంకు రిపేరు జరుగుతోంది. అందుకని బట్టలు కింద ఆవరణలోకి తేవాల్సి వచ్చింది. ఆవరణకు అటు కొత్త బిల్డింగు, ఇటు పాత బిల్డింగు. ఎనిమిదేళ్ళ క్రితం నీళ్ళ మోటారు దగ్గర గొడవపడి, మధ్యన తెల్ల పెయింటుతో గీత గీసుకున్నారు. ఇప్పుడు ఎవరి మోటారు వాళ్ళకుంది, గొడవ మాత్రం ఉమ్మడిగా ఉంది. మేట్రన్ ఉండేది కొత్త బిల్డింగులో, నర్సమ్మ ఉండేది పాతదాంట్లో. ఆసుపత్రిలో రోజూ గుడ్‌మార్నింగ్ చెప్పుకునే ఇద్దరూ ఆవరణలో ఎదురుపడితే మొహాలు తిప్పుకుంటారు. గీత మీద తీసేసిన గేటు తాలూకు ఇనప స్తంభాలు రెండున్నాయి. అవి ఎవరివీ కావు కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పరని నర్సమ్మ వాటికి తాడు కట్టింది. పెద్ద దుప్పటి ఆరేసి, దాని నడుమ యూనిఫాం తగిలించి, ఇంట్లో ఉన్న క్లిప్పులన్నీ బిగించి పైకి వెళ్ళిపోయింది.

పొట్ట తగ్గించుకోవడానికి బంతిని గోడకేసి కొడుతున్న కొత్త బిల్డింగు పళ్ళ డాక్టరు చేతిలోంచి అది జారి, దుప్పటి మీదుగా ఎగిరి, ఇవతల స్కూటరు కడుగుతున్న దర్జీ బకెట్లో పడింది. డాక్టరు క్షమించమని చెయ్యెత్తాడు. మాటలు లేని చోట సైగలే కదా గతి! దర్జీకి ఆ చెయ్యి ‘రా చూసుకుందాం’ అన్నట్టు కనిపించింది. బురద బంతిని బలంగా అవతలకు విసిరాడు. కళ్ళజోడు కాపాడుకోవడానికి డాక్టరు రెండు చేతులూ అడ్డం పెట్టాడు. బంతి మళ్ళీ ఇటే వచ్చింది.

ఏడోసారి బంతి గీత దాటేసరికి పాత బిల్డింగు మొదటి అంతస్తు నుంచి విజిల్ మోగింది. రిటైరైన డ్రిల్లు మాస్టారిది. ఐదేళ్ళుగా ఊదడానికి మనుషులు దొరక్క ఆయనా, ఆ విజిలూ ఇద్దరూ చిక్కిపోయారు.

"ఆపండి! అవేం చేతులయ్యా, తెడ్లా? మోకాళ్ళు వంచండి! అరచేత్తో కాదు, వేళ్ళతో!"

బడికెళ్ళినవాడెవడూ విజిల్ విని ఊరుకోలేడు. ఇద్దరూ మోకాళ్ళు వంచారు. మాస్టారు దిగివచ్చి గీతకు అటో కాలు, ఇటో కాలు వేసి నిలబడ్డారు. పావుగంటలో చెరో వైపు నలుగురు పోగయ్యారు.

పైనున్న నర్సమ్మకు అరుపులు వినిపించాయి. తన తాడు గురించే తగాదా వచ్చిందనుకుంది. "ఏమండీ, గొడవ ముదరకముందే ఆ బట్టలు తెచ్చెయ్యండి," అని భర్తను పంపింది. ఆయన బస్సు కండక్టరు, నెమ్మదస్తుడు. వెళ్ళి తాడు మీద చెయ్యి వేశాడో లేదో అవతలి నుంచి కేక వినబడింది.

"ఓడిపోతున్నామని నెట్టు పీకేస్తున్నార్రోయ్!"

కండక్టరుకు పౌరుషం పొడుచుకొచ్చింది. "ఎవడయ్యా ఓడిపోయేది? మాస్టారూ, నన్ను కూడా వేసుకోండి. రైట్, రైట్!" అన్నాడు.

ఎంతకీ రాని భర్త కోసం నర్సమ్మ అత్తగారిని పంపింది. "అత్తయ్యా, ఆయన రాకపోయినా ఫరవాలేదు, నా యూనిఫాం ఒక్కటి తెచ్చిపెట్టండి," అని మరీ చెప్పింది.

"అదెంత సేపమ్మా," అంటూ మోకాళ్ళ నొప్పులావిడ మెట్లు దిగింది. దిగేసరికి పాయింట్ల దగ్గర రగడ నడుస్తోంది. ఆరంటారు ఇటు, కాదు ఐదంటారు అటు. ఆవిడ కుర్చీ వేయించుకుని కూర్చుంది. "లెక్క నేను చూస్తాను. ఒక్కో పాయింటుకి ఒక్కో క్లిప్పు. మనవి ఈ స్తంభానికి, వాళ్ళవి ఆ స్తంభానికి. నా కళ్ళముందు అన్యాయం జరగనివ్వను," అంది. క్లిప్పులు కావాలంటే బట్టలకున్నవే కదా! దుప్పటి కొసలు తాడుకు ముడేసి ఒక్కొక్కటే లాగసాగింది.

పదకొండయ్యేసరికి కొత్త బిల్డింగువాళ్ళు నీలం చొక్కాలు వేసుకొచ్చారు. పాత బిల్డింగువాళ్ళు అన్నం పళ్ళేలు తెచ్చి వాయించారు. పాత బిల్డింగులోకి నాలుగు రోజుల క్రితం అద్దెకు దిగినాయన గొంతు చించుకుంటున్నాడు.

"తరతరాలుగా పాత బిల్డింగోళ్ళం తల దించింది లేదు! ఈ ఆటలో మనల్ని కొట్టేవాడు పుట్టలేదు!"

ఆ ఆట పుట్టి మూడు గంటలైంది. అయినా ఆ మాటకు చాలామంది కళ్ళు చెమర్చాయి.

ఇక తప్పదని నర్సమ్మే దిగింది. యూనిఫాం ఒకే ఒక్క క్లిప్పుకు వేలాడుతోంది. స్కోరు పద్నాలుగు, పద్నాలుగు. "ఏమండీ!" అంటే భర్త వినిపించుకోలేదు. "అత్తయ్యా!" అంటే ఆవిడ, "ఒక్క పాయింటే తల్లీ, ప్రాణం పోతున్నా కదలకూడదు," అంది. నర్సమ్మ చెయ్యి చాచింది.

"నెట్టు ముట్టుకోకూడదు!"

ఆ గొంతు వినగానే ఆమె చెయ్యి అలవాటుగా కిందికి దిగిపోయింది. అవతల బంతి పట్టుకుని నిలుచున్నది మేట్రన్! చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, జుట్టు ముడి ఊడి, మొహమంతా చెమటతో ఉంది. ఆవిడకు పళ్ళున్నాయని, నవ్వితే అవి కనిపిస్తాయని నర్సమ్మకు ఆరోజే తెలిసింది. మాస్టారు విజిల్ ఊదారు. మేట్రన్ ఒళ్ళంతా విరుచుకుని సర్వీసు కొట్టింది.

బంతి సరిగ్గా యూనిఫాం గుండెల మీద తగిలి, కొత్త బిల్డింగు వైపే పడింది. తెల్లటి గుడ్డ మీద పళ్ళెమంత బురద ముద్ర దిగింది.

"పదిహేను!" అంటూ అత్తగారు ఆఖరి క్లిప్పు కూడా లాగేసింది. కిందపడబోయిన యూనిఫాంను దర్జీ అందుకుని చీపురుకర్రకు తగిలించాడు. పాత బిల్డింగు మొత్తం దాన్ని జెండాలా ఊపుతూ ఆవరణ మూడుసార్లు చుట్టింది. ఆ గుంపులో కొత్త బిల్డింగువాళ్ళు ఎప్పుడు కలిశారో ఎవరూ చూడలేదు. నర్సమ్మకు ఏడుపొచ్చింది. కానీ ఊరేగింపు ముందు చీపురు పట్టుకుని గంతులేస్తున్న భర్తను చూస్తే నవ్వు కూడా వచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

సాయంత్రం మూడు రకాల సబ్బులతో రుద్దింది. బురదలో స్కూటరు గ్రీజు కూడా ఉండటంతో గుండ్రటి మరక గుండ్రంగానే మిగిలింది.

సోమవారం వరుసలో నిలబడ్డ నలుగురిలో ముగ్గురు తళతళ మెరిసిపోతున్నారు. మేట్రన్ నర్సమ్మ ముందు ఆగింది.

"ఏంటిది?"

"మరక, మేడమ్."

"కారణం?" మరక ఉంటే కారణం రిజిస్టరులో రాయాలని రూలు పెట్టింది ఆవిడే.

నర్సమ్మ నేల చూపులు చూసింది. "బంతి మేడమ్. సర్వీసు నెట్టు దాటలేదు."

పెన్ను గాలిలో ఆగిపోయింది. కొత్త బిల్డింగంతా తిరిగి, గాలి వల్లే తప్ప తన సర్వీసులో లోపం లేదని మేట్రన్ రాత్రంతా వాదించి ఉంది. ఇప్పుడు సొంత దస్తూరీతో రిజిస్టరులో ఓటమి ఒప్పుకోవడమా? ఆవిడ గొంతు సవరించుకుంది.

"నాకేం మరక కనబడటం లేదే!" అని ‘శుభ్రత: నిర్దోషం’ అని రాసి సంతకం పెట్టింది. నలుగురిలోనూ ఎక్కువైన తొమ్మిదేళ్ళ సీనియారిటీ చూస్తే, పోస్టు నర్సమ్మది కాక ఇంకెవరిదవుతుంది? ఆమె స్టోర్‌రూములోకి వెళ్ళి తలుపేసుకుని, దూది మూట మీద వాలి కడుపారా నవ్వుకుంది.

బయటికొచ్చేసరికి ఇన్‌ఛార్జిగా ఆమె మొదటి పని కట్ల గది ముందు వరుస కట్టి ఉంది. బెణికిన మణికట్లతో, పట్టేసిన నడుములతో రెండు బిల్డింగులవాళ్ళూ ఒకే బెంచీ మీద ఇరుక్కుని కూర్చుని, వచ్చే ఆదివారం గురించి ఆపకుండా కబుర్లాడుకుంటున్నారు. ఎవరితోనూ మాటల్లేనిది ఒక్క మాస్టారికే. విజిల్ ఊది ఊది ఆయన దవడ పట్టేసింది.