గుంట నంబరు రెండు, భక్తి విభాగం

ఈ దేశంలో సంగీతం చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చేసిన సంగీతం ఏ రకమో చెప్పడానికి మాత్రం పదకొండు పేజీల ఫారం ఉంది. ఈ ఏర్పాటే లేకపోతే ఎవరికి తోచిన శబ్దం వాళ్లు చేసుకుంటూ కూర్చునేవారని, వినేందుకు మనిషి మిగిలేవాడు కాడని నిపుణుల అభిప్రాయం. (నిపుణులెవరో పన్నెండో పేజీలో ఉందట. అది తెరుచుకోలేదు.)

నా పేరు నరేంద్రబాబు. గూడూరులో కాపురముంటూ చిట్టమూరు దగ్గర రెండు రొయ్యల గుంటలు చూసుకుంటాను. చూసుకోవడమంటే ఫోనులోనే. మిగతా సమయమంతా కంప్యూటరు ముందు కూర్చుని ఎలక్ట్రానిక్ సంగీతం చేస్తాను. రెండేళ్లు కష్టపడి ‘నీటి చక్రాలు’ అనే ఆల్బమ్ పూర్తి చేశాను. ఏడు ట్రాకులు. మొదటి మూడూ యాంబియెంట్, అంటే ఎంతసేపు విన్నా ఏమీ జరగదు. తర్వాతి రెండూ టెక్నో, అంటే జరిగిందే మళ్లీ మళ్లీ జరుగుతుంది. చివరి రెండూ పాప్, అంటే నా భార్య వినీల వంటింట్లో కూనిరాగాలు తీస్తుంటే ఆమెకు చెప్పకుండా రికార్డు చేసినవి.

వీటన్నిటిలో మూడో ట్రాకు ‘గుంట నంబరు రెండు’ నా ప్రతిభకు పరాకాష్ఠ. గుంటలో చక్రాలతో నీళ్లు చిలికి రొయ్యలకు ఊపిరాడేట్టు చేసే ఏరియేటర్ల చప్పుడును గట్టు మీద కూర్చుని రికార్డు చేసి, అడుగున సన్నగా ఒక సింథసైజర్ స్వరం కలిపాను. ఆ స్వరం ఉందని ముందే నమ్మినవాళ్లకు అది వినిపిస్తుంది. (ఇంతవరకు అలా నమ్మినవాణ్ణి నేనొక్కణ్ణే.)

ఆల్బమ్‌ను ‘గానసాగరం’ అనే యాప్‌లో పెట్టబోతే ఒక ఆల్బమ్‌కు ఒకే రకం అన్నది. వారం రోజులు ఫిర్యాదులు పెట్టాక, ఆ సంస్థ శైలీ నిర్ధారణ ఉప సమన్వయకర్త కిషోర్ బాబు గారు స్వయంగా ఫోను చేశారు.

“మూడూ కలిసినవి మా సిస్టం తీసుకోదు సార్. మీ దాంట్లో కొట్టుడుందా, పాడేదుందా?”

“రెండూ ఉన్నాయండీ. ఏమీ లేనిది కూడా ఉంది.”

“ఏమీ లేనిది ఎంతసేపుంది?”

“నలభై నిమిషాలు.”

“అయితే భక్తిలో వేస్తాను సార్. ధ్యానం దాని కిందికే వస్తుంది.”

అలా ‘నీటి చక్రాలు’ భక్తి విభాగంలో విడుదలైంది. ఫోను పెట్టేసే ముందు ఆయన నిబంధన పద్నాలుగు కూడా చదివి వినిపించారు. తొంభై రోజుల్లో ఆల్బమ్‌ను మూడు వందల సార్లు వినాలి. అర నిమిషం వింటే ఒకసారి కింద లెక్క. అన్నిసార్లు వినకపోతే దాన్ని ‘మౌన మందిరం’లోకి తరలిస్తారు. అక్కడికి వెళ్లిన పాట తిరిగొచ్చిన దాఖలా లేదు.

నలభయ్యో రోజుకు ఇరవై మూడు సార్లు విన్నారు. అందులో పందొమ్మిది నేనే. మూడు వినీల, అది కూడా నేను పక్కన కూర్చున్నప్పుడు. మిగిలిన ఒకటి నా స్నేహితుడు అశోక్. పాట ఎప్పుడు మొదలవుతుందో కనుక్కుందామని మధ్యలో ఫోను చేశాడు. రెండేళ్ల నా బతుకు మౌన మందిరం పాలవుతుందని నిజంగానే దిగులు పడ్డాను. అన్నం సయించలేదు.

ఇక్కడ నా గుంటల నిర్వహణ గురించి కొంత చెప్పాలి. గుంట మీద చెంగయ్య అనే పెద్దాయన కాపలా ఉంటాడు. ఆయన దగ్గర సొంత ఫోను కాక, మేత లెక్కలు రాయడానికి నేనిచ్చిన పాత ఫోనొకటి ఉంటుంది. (గానసాగరం దానిలో కూడా వేసిచ్చాను. అభిమానులను చేజేతులా తయారుచేసుకోవాలి.) మబ్బు పట్టిన రోజుల్లో పగలు కూడా ఏరియేటర్లు తిరగాల్సిందే, లేకపోతే రొయ్యలు తేలిపోతాయి. అందుకని తెల్లవారింది మొదలు పొద్దుగూకేదాకా రెండు గంటలకొకసారి, రోజుకు ఆరుసార్లు ఫోను చేసి, “ఫోను గుంట వైపు పెట్టు చెంగయ్యా” అంటాను. సరిగ్గా అర నిమిషం కళ్లు మూసుకుని వింటాను. ఏ చక్రం బేరింగు అరిగిందో చప్పుడును బట్టే చెప్పగల చెవి నాది.

నలభై ఒకటో రోజు నుంచి యాప్‌లో అంకె కదిలింది. రోజుకు ఆరు. వింటున్నది చిట్టమూరు మండలంలో. వింటున్నదల్లా ‘గుంట నంబరు రెండు’. నా కళ్లు చెమర్చాయి.

“చిట్టమూరులో మనకి తెలిసింది చెంగయ్యే గదండీ,” అంది వినీల.

“ఆయనకు యాంబియెంట్ ఏం తెలుసు?” అన్నాను.

డెబ్బై అయిదో రోజు తెల్లవారేసరికి రెండు వందల ఇరవై ఏడయింది. నా అభిమానిని కళ్లారా చూడాలని ఆ మధ్యాహ్నం చిట్టమూరు బయల్దేరాను. ఆకాశం నిండా మబ్బు. దారిలో గుంట దగ్గర ఆగి, గట్టు కిందనుంచే అలవాటుగా చెంగయ్యకు ఫోను చేశాను. గుంట వైపు పెట్టమన్నాను. ఏరియేటర్లు హోరుమన్నాయి. ఎప్పటికన్నా ఆరోగ్యంగా ఉన్నాయి. “శభాష్” అంటూ గట్టెక్కాను.

ఒక్క చక్రమూ తిరగడం లేదు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. షెడ్డు ముందు స్టూలు మీద రెండు ఫోనులు ఎదురెదురుగా పెట్టి ఉన్నాయి, ఒకదానిలో నేను, ఒకదానిలో నా ఆల్బమ్. చెంగయ్య అవతల జనరేటరు తాడు లాగుతున్నాడు. మూడో లాగుడుకు అది అందుకుంది.

నన్ను చూసి ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

“కరెంటు పోయుండాది బాబూ. చప్పుడు లేదంటే మీరు పది నిమిషాలు తిడతారు. ఫోను పట్టుకోని నిలబడుంటే జనరేటరు ఎవురేస్తారు? అందుకని ఇది పెట్టి పోతా.”

“మరి కరెంటు ఉన్నప్పుడు?”

“అప్పుడు గూడా ఇదే. ఈడ గాలికి అసలు చప్పుడు మీకు సరిగ్గా ఇనపడదు, అనుమానపడతారు. ఇదైతే మీకు నిమ్మళంగా ఉంటది.”

ముప్పై అయిదు రోజులు, రోజుకు ఆరుసార్లు, నేను నా ఆల్బమే విని అది నా గుంట అనుకున్నాను. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అయినా కళాకారుణ్ణి కాబట్టి అడగకుండా ఉండలేకపోయాను.

“దాని అడుగున సన్నగా ఒక స్వరం వస్తుంది, విన్నావా?”

“ఆ కీచుమనేదా? బేరింగు పోయుండాది బాబూ. రికార్డు చేసినప్పుడే మార్చుండాల్సింది.”

నేను చేయవలసిన పని స్పష్టంగానే ఉంది. ఆ తనిఖీ అక్కడితో మానేసి, చెంగయ్యను నమ్మి ఆయన పని ఆయన్ను చేసుకోనివ్వాలి. కానీ ఇంకా డెబ్బై సార్ల దాకా వినాలి, పదిహేను రోజులున్నాయి, రోజుకు ఆరు చొప్పున సరిపోతుంది. ఇంటికి తిరిగొచ్చి, సమయం కాగానే ఫోను చేశాను.

“ఫోను గుంట వైపు పెట్టు చెంగయ్యా.”

“దేన్ని పెట్టమంటారు బాబూ?”

“రోజూ పెట్టేదే,” అన్నాను.

ఎనభై ఏడో రోజుకు మూడు వందలూ పూర్తయ్యాయి. ఒకే ఫోను నుంచి ఇన్నిసార్లు విన్నారేమని సంస్థకు అనుమానమొచ్చి, కిషోర్ బాబు గారు ఆ శ్రోతకు ఫోను చేసి విచారించారు. ఆ సంభాషణ నివేదికలో ఇలా నమోదైంది. “ఈ పాట మీకెందుకు ఇష్టం?” “ఇష్టం కాదు సార్. మా బాబు కోసరం. అది పెట్టిందాకా ఆయనకు నమ్మకం కుదరదు. ఆరు పూటలా పెట్టాల్సిందే.” దాని కింద ఆయన సంతకం, తీర్పు: భక్తి అని నిర్ధారించడమైనది.

ఆల్బమ్ బతికింది. రొయ్యల సంగతి నెలాఖరున పట్టుబడి రోజు వల వేస్తే తెలుస్తుంది. ఫోనులో మాత్రం ఇంతవరకు ఏ లోటూ వినిపించలేదు.