మంత్రిగారు గ్యాసును చూసిన రోజు

పాత ఫ్రిజ్‌లలోని గ్యాసును ఇకపై ఒక్క గ్రాము కూడా ఆకాశంలోకి పోనివ్వబోమని పర్యావరణ మంత్రిగారు ప్రకటించారు. ఆకాశం ఏ పార్టీదీ కాదని, కాబట్టి దాన్ని కాపాడటం తమ పార్టీ ఒక్కదానికే సాధ్యమని కూడా సెలవిచ్చారు. ఇంత లోతైన మాట ఈ మధ్యకాలంలో ఎవరూ అనలేదు.

ఆ మాటను మనసుకు ఎక్కించుకున్నవాడు ఊరు మొత్తానికి ఒక్కడే దొరికాడు. బస్టాండు వెనక సందులో ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్. ఇరవై రెండేళ్లుగా అతనికి తెలిసిన పద్ధతి ఒకటే. ఫ్రిజ్ వెనక రాగి గొట్టం కత్తిరించడం, తుస్సుమనే చప్పుడు ఆగేదాకా టీ తాగడం. ఆ తుస్సంతా పైకి పోయి భూమిని ఎంత వేడెక్కిస్తుందో శాఖవాళ్లు పెట్టిన శిక్షణ తరగతిలో విన్న రోజు అతనికి అన్నం సయించలేదు.

శాఖవాళ్లు అతనికి గ్యాసును పీల్చి సిలిండర్‌లోకి పట్టే మెషిన్ ఒకటి మూడు నెలల పాటు వాడుకోమని ఇచ్చారు. పన్నెండు కిలోల సిలిండర్ నింపి, గ్యాసును శుద్ధిచేసే ఫ్యాక్టరీ వ్యాన్ ఎక్కిస్తే మెషిన్ అతనిదే. లేకపోతే వెనక్కి తీసుకుంటారు. ఒక్కో ఫ్రిజ్‌లో దొరికేది నూరు, నూట ఇరవై గ్రాములు. పాతసామాన్ల కొట్ల చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు. గడువు రేపనగా తూకం వేస్తే నూట పది గ్రాములు తగ్గింది. ఇంటికొచ్చి తమ ఫ్రిజ్ వంక చూశాడు.

"అలా చూడకండి. అందులో పాలున్నాయి," అంది భార్య.

"పాలు ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఈ నూట పది గ్రాములు ఇంకెక్కడా దొరకవే."

"ఇన్నేళ్ల కాపురంలో నామీద ఇంత ప్రేమ చూపించి ఉంటే బాగుండేది," అని సణుగుతూనే పాలగిన్నె బయటికి తీసింది.

నిండిన సిలిండర్‌ను సాగనంపే సభకని మర్నాడు షాపు ముందు టెంటు వేశారు. పదింటికి మంత్రిగారు, పదకొండింటికి వ్యాను. మంత్రిగారు చెప్పిన టైముకే వచ్చారు. ఇది కూడా చరిత్రే. తూకం యంత్రం మీద నిలబెట్టిన సిలిండర్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు.

"ఇందులో ఏముంది?"

"గ్యాసండి. పన్నెండు కిలోలు," అన్నాడు మెకానిక్ గర్వంగా.

"మరి కనబడదేం?"

"దానికి రంగుండదండి. తూకంలో తెలుస్తుంది."

"తూకం కొనేవాడికయ్యా. చూసేవాడికో?"

టెంటంతా చప్పట్లు. ఫొటోగ్రాఫర్ కెమెరా దించేశాడు. "సార్, ఇలా తీస్తే మీరు వంటగ్యాసు దుకాణం పెట్టినట్టు వస్తుంది."

మంత్రిగారి సముఖంలో శాఖాధికారి బుర్ర పాదరసంలా పనిచేస్తుంది. "మేస్త్రీ, కొంచెం వదిలితే తెల్లగా పొగలా వస్తుందని ట్రైనింగులో చెప్పారు కదా?"

"వదలకూడదని చెప్పడానికి చెప్పారు సార్."

"నేనూ అదే అంటున్నా. ఏది వదలకూడదో జనానికి చూపించాలా, వద్దా?"

చేతులు గడ్డకడతాయని మెకానిక్ తన తోలు గ్లౌజులు మంత్రిగారికి తొడిగాడు. "కాస్తంత తిప్పండి సార్. చాలా కాస్త," అని బతిమాలాడు. మంత్రిగారు జీవితంలో ఏ పనీ కాస్తంత చేసిన మనిషి కారు. బుస్సుమంటూ తెల్లటి మేఘం లేచి వారిని నిలువునా మింగేసింది. ఆయన కనబడకుండా పోయినందుకు జనం అంత సంతోషంగా చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి.

తూకం పదిన్నర కిలోలు చూపించింది.

"ఫొటోలో మంత్రిగారు లేరండీ," అన్నాడు ఫొటోగ్రాఫర్. పక్కనుంచి ఇంకోసారి తీశారు. తొమ్మిది. రిబ్బన్ కత్తిరించేటప్పుడు పెద్దలందరూ కత్తెర మీద తలో చెయ్యి వేస్తారు. ఇక్కడ వాల్వు మీద ఒక్క చెయ్యే పడుతుంది. కనుక వంతుల ప్రకారం వెళ్లాలని అధికారి తేల్చారు. మేయర్ తిప్పారు. పార్టీ అధ్యక్షుడు తిప్పారు. మాజీ అధ్యక్షుడు అధ్యక్షుడి కంటే ఎక్కువసేపు తిప్పారు. మంత్రిగారి బావమరిదికి ఏ హోదా లేకపోవడంతో రెండుసార్లు తిప్పనిచ్చారు. "నాకెందుకులెండి," అంటూ అధికారి గ్లౌజు తొడుక్కున్నారు.

మెకానిక్ అంకెల వైపే చూస్తున్నాడు. మూడు నెలల తిరుగుడు కళ్లముందే పలచబడి టెంటు పైకి పోతోంది. చివర్లో నూట పది గ్రాములు మిగిలాయి.

"సార్, ఇది మా ఇంటిదండీ," అన్నాడు.

"త్యాగమంటే అదీ," అన్నారు మంత్రిగారు. అదీ వదిలారు.

పదకొండింటికి వ్యాను వచ్చింది. డ్రైవర్ సిలిండర్‌ను ఒంటిచేత్తో ఎత్తి చూసి, "ఖాళీవి ఎక్కించుకోమండీ," అని కింద పెట్టేశాడు. మెకానిక్‌కు నిజంగా ఏడుపొచ్చింది. అంతమందిలో ఏడవలేక, గ్లౌజులు దులుపుతూ నిలబడ్డాడు.

"మెషిన్ పట్టుకెళ్లిపోతారా సార్?" అని అధికారిని అడిగాడు.

"ఎవరన్నారు? మంత్రిగారు ఎంత ముచ్చటపడ్డారో తెలుసా నీకు?"

నిజమే. వారం తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. మెషిన్ మెకానిక్‌దే. పైగా అతన్ని రాష్ట్రస్థాయి గ్యాసు పరిరక్షణ ప్రదర్శకుడిగా నియమించారు. ఉత్తర్వుతో పాటు సీలు కూడా విప్పని ఎనిమిది సిలిండర్లు లారీలోంచి దించి వెళ్లారు. అతను వాటి చుట్టూ తిరిగి చూస్తుండగానే అధికారి ఫోన్ చేశారు.

"ఎనిమిది ఊళ్లలో ప్రారంభోత్సవాలు పెట్టుకున్నాం. పాత గ్యాసు పోగేసే టైం లేదు, అందుకని కొత్తదే కొనేశాం. ఊరికొకటి చొప్పున తెచ్చెయ్."

"మెషిన్ కూడా తేవాలా సార్?"

"అదెందుకయ్యా? దాని మోతలో మంత్రిగారి ప్రసంగం వినబడదు."