కళాయి లేని గుండిగ

ఉస్మానీ సామ్రాజ్యం ఎందుకు కూలిందని అడిగితే చదువుకున్నవాళ్లు ఫిరంగులంటారు, ఓడలంటారు. వాళ్లు వంటింట్లో అడుగుపెట్టిన పాపాన పోలేదు. అది కూలింది కళాయి లేక.

ఇస్తాంబుల్‌లో సుల్తాను సొంత సైన్యమైన జానిసరీల పటాలం ఒకదానికి దుర్సున్ ఉస్తా వంటవాడు. అతని రాగి గుండిగ లోపల తగరపు కళాయి పూత పోయి, పచ్చగా చిలుము పట్టింది. చారు తాగినవాళ్లు తాగినట్టే కక్కుకుంటున్నారు. (పటాలం దీన్ని కవాతు కింద జమకట్టింది.)

"ఇంకొక్కడు మంచం పట్టాడా, ఆ గుండిగలో ఉడికేది నీ తలకాయే ఉస్తా!" అన్నారు సైనికులు.

కళాయి పోయాలంటే చిలుము గీకి కడగాలి. కడిగిన నీళ్లు పోవాలంటే బోర్లించాలి. బోర్లిస్తే తిరుగుబాటు. పటాలం గుండిగ బోర్లా పడిందంటే సుల్తాను పెట్టే తిండి మాకొద్దని అర్థం. వజీరు తల ఎగిరిపోతుంది. తాతలనాటి ఆచారం. (పటాలానికి గుండిగే జెండా. కొత్తది అడగడమంటే జెండా మార్చమన్నట్టే.)

దుర్సున్ గుండిగల కచ్చేరీకి పోయాడు.

"ఎంతవరకు వంచుతావయ్యా?" అన్నాడు గుమాస్తా నెవ్‌జత్ ఎఫెండి.

"పూర్తిగా, ఎఫెండీ. మురికినీళ్లు పోవాలిగా."

"కొంచెం వంచితే గొణుగుడు. సగం వంచితే కుట్ర. పూర్తిగా అని నీ నోటితో నువ్వే అంటివి, నేను విననట్టు ఊరుకుంటా. పోనీ, కళాయి బయటివైపు పోయించుకో. దానికి అభ్యంతరం లేదు."

ఆ మాట చెబితే కళాయి పోసే గరబెద్ పగలబడి నవ్వాడు. "బయట పోస్తే కొత్త పెళ్లికూతురిలా మెరుస్తుంది ఉస్తా. లోపల మాత్రం అత్తగారే."

"నీకేం, నవ్వుతావు. పోయేది నా తల! కానీ, పట్టు ఆ వైపు."

బోర్లించారు. గరబెద్ బొగ్గులు రాజేసేలోపే బజారంతా అంగళ్లు మూతపడ్డాయి. మధ్యాహ్నానికి వజీరు తల పోయింది. (చారు సంగతి ఆయనకసలు తెలియదు. అదే నేరమని తేల్చారు.) కొత్త వజీరు పరుగున వచ్చాడు.

"మీ కోరికేమిటి నాయనా?"

"కళాయి, పాషా," అన్నాడు దుర్సున్.

"కళాయా!" పాషా ముఖం పాలిపోయింది. "అంత పట్టుపడితే ఎలా? జీతాలు పెంచుతాను, సర్దుకోండి."

సైనికులు జేజేలు కొట్టారు. విందుకు పలావు కావాలి, పలావుకు గుండిగ కావాలి. గరబెద్‌ను పక్కకు నెట్టి దాన్ని మళ్లీ పొయ్యికెక్కించారు. కొత్త వజీరు సైనికుల మీద ప్రేమ కొద్దీ మొదటి పళ్లెం తనే తిన్నాడు. అడుగంటినది కూడా గీకించుకున్నాడు.

వారం తిరక్కుండానే పోయాడు. అమితమైన సంతోషం వల్ల మరణమని ఆస్థాన వైద్యులు నిర్ధారించారు.

దుర్సున్ మెడ తడుముకుంటూ కూర్చున్నాడు. తల కోసం ఎవరూ రాలేదు. గుండిగలో విషముందని ఒప్పుకుంటే, దాన్ని బోర్లించాల్సి వస్తుంది.