గుండె ఒక భవనంలో, కిడ్నీలు ఒక భవనంలో

పంతొమ్మిదేళ్ల మంగవేణి గుండెను రెండో అంతస్తులో చేర్చుకుని, కిడ్నీలను ఎదుటి భవనానికి పంపించారు. ఆ పెద్దాసుపత్రిలో అది మామూలే. ఏ అవయవమైనా దాని విభాగానికి వెళ్తుంది, మిగిలిన మనిషి వరండాలో కూర్చుంటుంది. మిగిలిన మంగవేణి చాప మీద గోడకు ఆనుకుని కూర్చుంది. పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి.

ఆమె గుండెలో పుట్టుకతోనే రంధ్రం ఉంది. పెద్దయ్యాక అదే పూడిపోతుందని అప్పట్లో ఎవరో అన్నారు. పూడలేదు. మంచి రక్తం, చెడు రక్తం కలిసి ఇన్నేళ్లు తిరిగేసరికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఈ సంగతి ఆసుపత్రిలో అందరికీ తెలుసు. తెలిసినవాళ్లు వేర్వేరు భవనాల్లో ఉన్నారు, అంతే.

గుండె డాక్టరు గుండెను అటూ ఇటూ తిప్పి చూసి, ఆపరేషన్ చేస్తే బతుకుతుంది గానీ కిడ్నీలు తట్టుకోలేవని, ముందు వాటిని బాగుచేయించమని అన్నాడు. కిడ్నీ డాక్టరు, గుండె సరిగ్గా పనిచేస్తే తప్ప ఇవి బాగుపడవని, ముందు దాన్నే చూపించమన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఒక్కడు అబద్ధం చెప్పినా బాగుండేది, కనీసం వాణ్ణి తిట్టుకోవచ్చు.

తల్లి పైడితల్లి చోటు పోకుండా ఒక చెప్పు ఈ వరుసలో, రెండోది ఆ వరుసలో పెట్టి, మధ్యలో ఎండలో వట్టికాళ్లతో తిరిగింది. వెనకవాళ్లు ఆ చెప్పులను ముందుకు జరుపుతూనే ఉన్నారు. జనం మంచివాళ్లే.

వారం తిరిగాక ఆమె సూపరింటెండెంటు దగ్గరికి వెళ్లింది.

"బాబూ, గుండి ఈల కాడుంది, కిడ్నీలు ఆల కాడున్నాయి. మిగిలిన పిల్లని ఎవులికి సూపించాల?"

ఆయన విసుక్కోలేదు. కుర్చీ చూపించి, కూర్చున్నాకే చెప్పాడు.

"మొత్తం మనిషిని చూసే విభాగం ఇక్కడ లేదమ్మా."

ఆ మధ్యాహ్నమే వరండాలో మంగవేణి చనిపోయింది. గుండె నిలకడగా ఉందని రెండో అంతస్తువాళ్లు చెప్పారు. కిడ్నీలు మందులకు లొంగుతున్నాయని ఎదుటి భవనంవాళ్లు చెప్పారు. తమ దగ్గర ఎవరూ పోలేదని రెండు విభాగాలూ అన్నాయి. వరండా ఎవరి కిందికీ రాదు.

పైడితల్లి గుండె పగిలేలా ఏడ్చింది. కూతుర్ని బండి మీద శవాల గదికి తీసుకెళ్లిపోయాక, ఆమె చాప చుడుతూ ఉంటే ఒకావిడ వచ్చి నిలబడింది. చంకలో పిల్లకి పెదాలు నీలంగా ఉన్నాయి. ఈ చోటు ఖాళీయేనా అని అడిగింది.

పైడితల్లి చుట్టిన చాపను మళ్లీ పరిచింది.

"కూకోమ్మా. ఇటేపు ఎండ రాదు."