ఒత్తులు మింగిన ప్రింటరు

ఉగాది నుంచి పాలనంతా తెలుగులోనే, అదీ కంప్యూటర్ మీదనే సాగుతుందని మంత్రిగారు నల్లగొండ సభలో ప్రకటించారు. చప్పట్లు ఆగకముందే నకిరేకల్ పక్కనున్న ఒక సర్కారు ఆఫీసులో పెద్ద పెట్టె దిగింది. 1993 నాటి మాట. మనుషులకు లేని ఫ్యాను దానికి పెట్టి, చెప్పులు గుమ్మం బయట విడవమని బోర్డు కట్టారు.

లీలమ్మ ఆ ఆఫీసులో పదహారేళ్లుగా తెలుగు టైపిస్టు. ఆమె టైపు మిషన్‌ను పాత ఫైళ్ల గదిలోకి నెట్టి, ఆమెను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. మొదట కొట్టిన కాగితం వెంకటనర్సమ్మ పింఛను మంజూరు. వెంకటనర్సమ్మ మగ్గం గుంటలోకి దిగలేని వయసుకొచ్చిన నేతపనామె, రెండేళ్లుగా ఆఫీసు చుట్టూ తిరుగుతోంది. తెర మీద ఆమె పేరు ముచ్చటగా కనబడింది. ప్రింటరు మాత్రం ఒత్తులన్నీ మింగి 'వెంకటనరమ' అని కక్కింది. అలాంటి మనిషి ఏ జాబితాలోనూ లేదని కాగితం తిరిగొచ్చింది.

హైదరాబాదు నుంచి ఇంజనీరు వచ్చి రెండు రోజులు పరీక్షించాడు. లోపం మిషన్‌లో లేదు, తెలుగులో ఉందని తేల్చాడు. అక్షరం కింద అక్షరం వేలాడే భాషను ఏ ప్రింటరూ మోయలేదట.

ఆఫీసరు పరమేశ్వర్ దూరదృష్టి గలవాడు. ప్రజలు ఒత్తుల్లేని పేర్లతో దరఖాస్తు పెట్టుకుంటే పనులు వేగంగా జరుగుతాయని ఆ పూటే సర్క్యులర్ తీశాడు. దాని అడుగున ఆయన పేరు 'పరమేశర్' అని అచ్చయింది. కింద వేలాడే అక్షరం ఒక్కటీ లేని జులేఖా అనే ఆమెకు మర్నాడే రేషన్ కార్డు చేతికొచ్చింది కాబట్టి సర్క్యులర్‌లో తప్పుందని ఎవరూ అనలేరు.

లీలమ్మ ఈ సంగతి చెబితే వెంకటనర్సమ్మ పెట్టె వైపు వేలు చూపింది.

“మా నాయిన పెట్టిన పేరు బిడ్డా. గీ డబ్బా కోసం యాడ మార్చుకుంట?”

లీలమ్మకు ఆమె ముఖం చూడబుద్ధి కాలేదు.

అంతలో ప్రారంభోత్సవానికి మంత్రిగారే వస్తున్నారని కబురొచ్చింది. ఆయన ముందు ప్రింటరు ఒత్తులు మింగితే పరమేశ్వర్ పరువు పోతుంది. రెండు రోజులు ఆలోచించి, ప్రింటరు వెనక పట్టు పరదా కట్టించాడు. దాని వెనక లీలమ్మ పాత మిషన్ పెట్టించాడు.

“మంత్రి మీట నొక్కంగనే సన్మాన పత్రం కొట్టు. అంచుకు చిల్లులున్న ప్రింటరు కాగితం మీదనే కొట్టాలె. ఒక్క ఒత్తు పోవద్దు” అన్నాడు.

ఆ రోజు మంత్రిగారు మీట నొక్కారు. పరదా వెనక టకటకా మోగింది. నెల రోజుల తర్వాత లీలమ్మ వేళ్లకు ప్రాణం లేచొచ్చింది. పరదా కింది నుంచి జారిన కాగితాన్ని పరమేశ్వర్ ప్రింటరులోంచి లాగినట్టే లాగి, రెండు చేతులా అందించాడు. అందించాక గాని అందులో ఏముందో చూడలేదు. అది వెంకటనర్సమ్మ పింఛను మంజూరు.

మంత్రిగారు దాన్ని ఫోటోల కోసం ఎత్తి చూపారు. ఇంత కమ్మని తెలుగు తానింతవరకు చూడలేదన్నారు. కలం అడిగి కింద సంతకం చేశారు. మంత్రి సంతకాన్ని కాదనే ఆఫీసరు ఇంకా పుట్టలేదు. వారం తిరగకుండా వెంకటనర్సమ్మకు పింఛను అందింది.

ఆ వెంటనే హైదరాబాదు నుంచి ఇంగ్లీషులో ఉత్తర్వు వచ్చింది. కంప్యూటర్ ఘనంగా విజయవంతమైనందున తెలుగు టైపిస్టు పోస్టు రద్దు, ఈ సంగతి తెలుగులో జారీ చేయవలెను.

పరమేశ్వర్ దాన్ని పరదా వెనక్కి తెచ్చి లీలమ్మ చేతికిచ్చాడు. లీలమ్మ రెండుసార్లు చదివింది.

“నకళ్లు ఎన్ని సార్?”

“మూడు.” ఆయన గొంతు తగ్గించాడు. “రేపు గూడ పదింటికి గీడ్నే ఉండు, లీలమ్మా. కంప్యూటర్ మరమ్మతుల కింద నిన్ను రాస్త. గా పనికి జీతం జర ఎక్కువే.”

లీలమ్మ కాగితాల మధ్య కార్బన్లు పెట్టి, తన పోస్టును ఒక్క తప్పు లేకుండా రద్దు చేసింది.