రెండో క్యాచర్‌ని పంపేసినవాడికి ఒక విగ్రహం

ప్రెస్కాట్ వేన్ గారికి ఊరి నడిబొడ్డున నిలువెత్తు విగ్రహం పెట్టాలి. కంచుది. మెడలో టై ఉండాలి, చెవి దగ్గర ఫోను ఉండాలి. ఆయన చేసిన ఘనకార్యాలన్నీ ఆ ఫోనులోనే చేశాడు మరి!

నవ్వకండి. నేను నవ్వులాటకు అనడం లేదు.

వేన్ గారు మా పోర్ట్ హాలిస్ హెరన్స్ బేస్‌బాల్ జట్టుకు జనరల్ మేనేజర్. ఎవరు ఆడాలో, ఎవరు మూటాముల్లె సర్దుకోవాలో తేల్చేది ఆయనే. హెరన్స్ అంటే కొంగలు. సరస్సు ఒడ్డు ఊరు కదా అని పెద్దలు ముచ్చటపడి ఆ పేరు పెట్టారు. పేరుకు తగ్గట్టే కప్పు కోసం మా తాతల నాటి నుంచీ ఒంటికాలి మీద నిలబడి ఉన్నాం.

ఆయనంటే గిట్టనివాళ్ళు ఈ మధ్య మరీ రెచ్చిపోతున్నారు. రేడియోకు ఫోన్లు చేసి తిడుతున్నారు. మంగలి షాపులో సగం గడ్డంతో లేచి నిలబడి మరీ తిడుతున్నారు. రెండో క్యాచర్ విషయంలో ఆయన బుద్ధిలేని పని చేశాడట! ఎంత మాట! ఆయన చేసినవన్నీ బుద్ధి ఎక్కువై చేసిన పనులేనని ఈ వ్యాసంలో నిరూపిస్తాను.

క్యాచర్ అంటే బ్యాటు పట్టినవాడి వెనకాల, మొహానికి ఊచల ముసుగు తగిలించుకుని, ఆటంతా గొంతుక్కూర్చుని బంతులు అందుకునేవాడు. మా పెద్ద క్యాచర్ ఓర్లాండో మెహియా. బంగారంలాంటి ఆటగాడు, కానీ మోకాళ్ళు బంగారంవి కావు. కాబట్టి రెండోవాడు ఒకడు సిద్ధంగా ఉండాలి. ఆ చోటుకు ఇద్దరున్నారు, లైల్ డ్వోరాక్, గ్రేడీ స్టాల్.

డ్వోరాక్ బంతిని చేత్తో అందుకుంటాడు, చేతికి అందకపోతే ఛాతీతో ఆపుతాడు, అదీ కుదరకపోతే గడ్డంతో ఆపుతాడు. దాన్ని తనను దాటి పోనివ్వడు. స్టాల్ సంగతి వేరు. అతను గ్లవ్వు చాపుతాడు, బంతి తన దారిన తాను పోతుంది. "వాడి చేతికున్నది గ్లవ్వు కాదయ్యా, జల్లెడ" అంటుంది ఒడెస్సా ప్రూయిట్. స్టేడియంలో నా పక్క సీటు ఆవిడది. స్కూలు బస్సు నడిపి రిటైరైంది. వెనక సీట్లో అల్లరి చేసే పిల్లల్ని అద్దంలో చూస్తూ అదిలించిన గొంతు కాబట్టి, ఆవిడ మామూలుగా మాట్లాడినా మైదానంలోకి వినిపిస్తుంది.

ఇద్దరిలో ఒకణ్ణి మిల్బరీలో ఉన్న మా కింది జట్టుకు పంపాలి. ఎవర్ని పంపాలి?

మీరైతే స్టాల్‌ని పంపుతారు. అందుకే మీరు జనరల్ మేనేజర్లు కాలేదు!

మా ఆటలో ఒక పద్ధతుంది. కొత్తగా వచ్చిన ఆటగాణ్ణి కొన్నేళ్ళపాటు కిందికి పంపుతూ, పైకి తెచ్చుకుంటూ ఉండొచ్చు. అడిగేవాడు లేడు. ఆ గడువు తీరాక పంపాలంటే మాత్రం ముందు మిగతా జట్లన్నిటికీ అతన్ని చూపించాలి. ఎవరైనా కావాలంటే ఇచ్చేసి దణ్ణం పెట్టాలి. స్టాల్‌కి గడువు తీరిపోయింది, డ్వోరాక్‌కి ఇంకా ఉంది. అంటే స్టాల్‌ని పంపితే పోతాడు, డ్వోరాక్‌ని పంపితే తిరిగొస్తాడు. కనక డ్వోరాక్‌నే పంపాలి. చూశారా, ఎంత సులువో!

ఇందులో తప్పేముంది? థాంక్స్‌గివింగ్ పండగ భోజనానికి కుర్చీలు చాలకపోతే మీరు ఎవర్ని లేవమంటారు? అలిగి అరిచే బావమరిదినా, లేవమంటే లేచే చిన్నాన్ననా? మా పత్రికాఫీసు సంగతే చూడండి. మాకు రెండు ప్రింటర్లున్నాయి. ఒకటి పనిచేస్తుంది, దానికి కింద చక్రాలున్నాయి. రెండోది పనిచేయదు, దాన్ని గోడకు బిగించేశారు. పై అంతస్తువాళ్ళు మాకొకటి కావాలంటే ఏది పంపారు? చక్రాలున్నదే పంపారు. ఇప్పుడు మేమంతా గోడకున్న దాని ముందు నిలబడి దాన్ని గౌరవంగా చూస్తూ ఉంటాం.

డ్వోరాక్‌కి చక్రాలున్నాయి. అంతే.

దీనివల్ల ఆ కుటుంబానికి జరిగిన మేలు అంతా ఇంతా కాదు. లైల్, అతని భార్య కొరీన్, కూతురు ట్రూడీ ఒడెస్సా ఇంటి మేడ మీద అద్దెకుండేవాళ్ళు. మిల్బరీ కారులో అరపూట ప్రయాణం. ట్రూడీకి అక్షరాలు రాకముందే ఆ దారిలో ఏ పెట్రోలు బంకు బాత్రూం శుభ్రంగా ఉంటుందో తెలిసిపోయింది. డబ్బు పోసి ఏ బడిలో చేర్చినా ఇంత విజ్ఞానం వస్తుందా?

కొరీన్ దగ్గర ఒక జత పసుపు కర్టెన్లున్నాయి. మనసుపడి కొనుక్కుంది. ఆమె కుర్చీ వేసుకుని, వాటిని కిటికీకి తగిలించబోయినప్పుడల్లా ఫోను మోగేది. వేన్ గారికి కర్టెన్ల వాసన అంత దూరం ఎలా తగిలేదో ఎవరికీ తెలియదు.

"లైల్, నీ ఆటకు వంక పెట్టలేమయ్యా. నువ్వంటే మాకు ప్రాణం. రేపు పొద్దున్నకల్లా మిల్బరీలో ఉండు" అనేవాడు వేన్.

"అలాగేనండి" అనేవాడు లైల్.

కొరీన్ కుర్చీ మీద నుంచే అడిగేది. "అలాగేనండి తప్ప నీకింకో మాట రాదా?"

"ఏమనమంటావ్? వాళ్ళకి నేనంటే ప్రాణమట."

"ప్రాణమైతే దగ్గర పెట్టుకుంటారు లైల్. మిల్బరీలో పెట్టుకోరు."

ఆమె పెద్ద పెద్ద కోరికలేం కోరలేదు. ట్రూడీని బడిలో వేసేలోగా ఏదో ఒక ఊరివాళ్ళం అనిపించుకోవాలి, పిల్ల మొదలుపెట్టిన బడిలోనే ఏడాది పూర్తిచేయాలి, అంతే. కర్టెన్లు మడిచి మళ్ళీ అట్టపెట్టెలో పెట్టేది. ఆ పెట్టె కారు వెనకాల శాశ్వత సభ్యురాలు.

ఇక పోయిన సెప్టెంబరు సంగతి. సెప్టెంబరులో ప్రతి జట్టుకూ అదనంగా ఇద్దరు మనుషుల్ని తెచ్చుకునే వీలుంటుంది. బుర్ర తక్కువ జట్లు అందులో ఒక చోటుకు మూడో క్యాచర్‌ని తెచ్చుకుంటాయి, ఎవరి వేలైనా విరిగితే ఉంటాడని. వేన్ గారు అలాంటి పిరికిపని చేస్తాడా? పరిగెత్తడం తప్ప మరేదీ రాని కుర్రాణ్ణి ఒకణ్ణి తెచ్చాడు.

"వేగమే భవిష్యత్తు" అని విలేఖరులకు చెప్పాడు. నేను రాసుకున్నాను కూడా.

ఆఖరి ఆదివారం మధ్యాహ్నం. గెలిస్తే పెద్ద పోటీల్లోకి వెళ్తాం, ఓడితే చేపలు పట్టుకోవడానికి వెళ్తాం. మిల్బరీ జట్టు ఆటలు అప్పటికే అయిపోయాయి కాబట్టి లైల్ ఊళ్ళోనే ఉన్నాడు. ఒడెస్సా అతనికి టిక్కెట్టు కొనిచ్చి మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టింది. ఒళ్ళో ట్రూడీ, చేతిలో ఆవ సాసు కారుతున్న హాట్‌డాగ్.

ఆట సగంలో మెహియా మోకాలు పట్టేసింది. స్టాల్ వచ్చాడు. కాసేపటికి ఒక బంతి అతని జల్లెడకు బదులు బొటనవేలికి తగిలింది. స్టాల్ కూడా లోపలికి పోయాడు.

మా కోచ్ బెంచీ వైపు తిరిగి చూశాడు. అక్కడ వేగం కూర్చుని ఉంది. క్యాచర్ లేడు.

చివరికి రెండో బేస్ దగ్గర ఆడే టీగ్‌ని పట్టుకొచ్చారు. హైస్కూల్లో ఒకసారి క్యాచర్‌గా కూర్చున్నానని నోరుజారి ఎప్పుడో చెప్పాడట, పాపం. మెహియా కవచాలు తగిలిస్తే మోకాలి తొడుగులు పాదాల దాకా దిగాయి.

అప్పుడు ఒడెస్సా లేచింది.

"ఇదిగో! ఇక్కడున్నాడయ్యా మీ క్యాచర్! నా పక్కన కూర్చుని హాట్‌డాగ్ తింటున్నాడు!"

"కూర్చోండి మేడమ్" అన్నాడు గేటు దగ్గర కాపలా ఉన్నతను.

"నన్ను కూర్చోబెడతావేంటి? ఇతన్ని లేపవయ్యా!"

మా వరుసంతా తిరిగి చూసింది. తర్వాత పక్క వరుసలు. "డ్వోరాక్! డ్వోరాక్!" అని అరుపులు. పైన గాజుగదిలో ఉన్న వేన్ గారు కూడా కిందికి చూశాడు. చూసి, పరదా లాగించాడు. కర్టెన్లు ఎవరికి ప్రాప్తమో వాళ్ళకే ఉంటాయి.

లైల్ చెవులు ఎర్రబడ్డాయి. "మిస్ ఒడెస్సా, దయచేసి ఊరుకోండి. ఇవాళ్టి జట్టులో పేరు లేకపోతే ఆ మైదానం గీత దాటకూడదు."

"నాన్నా, నువ్వు ఖాళీగానే ఉన్నావు కదా?" అంది ట్రూడీ.



చివరి ఇన్నింగ్స్‌లో మేం ఒక్క పరుగు ముందున్నాం. నేను ఆట చూడటం మానేసి లైల్‌ని చూస్తున్నాను. బంతి విసిరే మా పిచర్ చెయ్యెత్తినప్పుడల్లా అతని మోకాళ్ళు కుర్చీలోనే సర్దుకుంటున్నాయి. బంతి ఎడమకొస్తే ఎడమకు, కుడికొస్తే కుడికి. అవతలివాళ్ళు ఇద్దరు బేసుల మీద ఉండగా ఒక బంతి నేలకు తగిలి టీగ్ కాళ్ళ మధ్య నుంచి దూసుకుపోయింది. లైల్ చెయ్యి దానంతటదే కిందికి వెళ్ళింది. హాట్‌డాగ్ ఒడెస్సా బూట్ల మీద పడింది. టీగ్ బంతి కోసం గిరగిరా తిరుగుతూ ఉండగానే ఆ ఇద్దరూ హోమ్ బేస్ చేరి రెండు పరుగులు పట్టేశారు. తర్వాత మా బ్యాట్లు గాలిని మాత్రమే కొట్టాయి.

వేన్ గారు విలేఖరులతో ఏమన్నాడు? "ప్రణాళికలో లోపం లేదు. బొటనవేలిలోనే ఉంది." జట్టు యజమానులు ముగ్ధులైపోయి ఆయన కాంట్రాక్టు పొడిగించారు.

ఈ వసంతానికి డ్వోరాక్ గడువు కూడా తీరిపోయింది. ఇక కిందికి ఊరికే పంపడం కుదరదు. కొరీన్ అట్టపెట్టె తెరిచి కర్టెన్లకు ఇస్త్రీ చేసింది. ట్రూడీకి మా వీధి చివరి బడిలో సీటు కూడా అడిగొచ్చింది. ఇద్దరు క్యాచర్లూ పంపితే పోయేవాళ్ళే కాబట్టి, ఇప్పుడైనా మంచివాణ్ణి ఉంచుకుంటారని అనుకుంది అమాయకురాలు.

కానీ స్టాల్‌ని తెచ్చింది స్వయంగా వేన్ గారు, ఇద్దరు మంచి కుర్రాళ్ళని ఇచ్చి మరీ తెచ్చాడు. ఇప్పుడు స్టాల్‌ని పంపితే తాను తప్పు చేశానని ఒప్పుకున్నట్టే కదా! ఇక డ్వోరాక్ సంగతంటారా, ఎప్పుడు పంపినా తిరిగొచ్చాడు, ఈసారి మాత్రం ఎక్కడికి పోతాడు?

పొద్దున్న అతని పేరు మిగతా జట్లకు చూపించారు, మధ్యాహ్నం భోజనాల వేళకే పోయాడు. కార్వర్ సిటీ మ్యూల్స్ వాళ్ళు కళ్ళకద్దుకుని తీసుకున్నారు. వాళ్ళు మా విభాగంలోనే, ఏడాది పొడుగునా మాతోనే ఆడతారు.

ఫోను మోగినప్పుడు కొరీన్ కుర్చీ మీదే ఉందట.

"లైల్, నిన్నెవరూ తీసుకోరనుకున్నామయ్యా" అన్నాడు వేన్.

"అలాగేనండి" అన్నాడు లైల్. ఆ మాటకు కొరీన్ మొదటిసారి నవ్విందని ఒడెస్సా చెప్పింది.

పోయిన వారం మ్యూల్స్ మా ఊరొచ్చారు. ఆట ఆఖర్లో మేం ఒక్క పరుగు వెనకబడ్డాం. ఆ పరుగు ఎలా వచ్చిందో స్టాల్ గ్లవ్వునడగండి. మొదటి బేస్ మీద మా భవిష్యత్తు, అదే, వేగం నిలబడి ఉంది. బంతిని ఎవరూ కొట్టకముందే రెండో బేస్ చేరిపోదామని, మా ఆట భాషలో దొంగిలిద్దామని, పరుగు తీసింది. లైల్ కూర్చున్నచోటు నుంచి లేచాడో లేదో కూడా నాకు కనిపించలేదు. బంతి అక్కడ ముందే వచ్చి ఎదురుచూస్తోంది. ఆట అయిపోయింది. మేం ఓడిపోయాం.

ఒడెస్సా లేచి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. మా జట్టు ఓడినందుకు మా జట్టు టోపీలు పెట్టుకుని చప్పట్లు కొట్టాం. చెప్పిన మాట వింటాడని, ఎదురు చెప్పడని, పంపితే పోతాడని, రమ్మంటే వస్తాడని మా ఊరికి దక్కిన ఒక మంచి మనిషిని తరిమేసుకున్నాం. అలిగి అరిచే ఆ బావమరిదిలాంటివాణ్ణి మాత్రం నెత్తిన పెట్టుకున్నాం.

బయట బస్సు దగ్గర కొరీన్ కనిపించింది. ఒడెస్సా ముందు అడిగింది అదే.

"కర్టెన్లు తగిలించావా, పిల్లా?"

"దిగిన రోజే తగిలించాను, మిస్ ఒడెస్సా. కురచయ్యాయి. అక్కడ కిటికీలు పెద్దవి."

"మరి మార్చకపోయావా?"

"మార్చను. అలాగే ఉండనీండి" అంది కొరీన్. ట్రూడీకి అక్కడి బడిలో స్నేహితురాలు కూడా దొరికిందట.

ఒడెస్సా మేడ మీద ఇప్పుడు 'అద్దెకు' అని బోర్డు వేలాడుతోంది.

సరే, విగ్రహం సంగతికి వద్దాం. ఊరి నడిబొడ్డున పెట్టాలన్నాను గాని, ఏ ఊరో చెప్పానా? కార్వర్ సిటీలో టౌన్‌హాలు ముందు మంచి జాగా ఉందట. కంచు వాళ్ళే పోసుకుంటామంటున్నారు. వాళ్ళకున్న బెంగల్లా ఒక్కటే. విగ్రహం వాళ్ళు ఉంచుకున్నా, అసలు మనిషి మాత్రం చాలాకాలం మా దగ్గరే ఉంటాడా, ఉండడా అని.

ఆ బెంగ వాళ్ళకు అక్కర్లేదు. ఆయన్ని మావాళ్ళు ఎప్పుడో గోడకు బిగించేశారు.